మిసెస్ టోలివర్ వాకిలి

మిసెస్ టోలివర్ వాకిట్లో గడ్డిపోచ మొలిస్తే దాని ఆయుష్షు ఒక్క పూటే. పొద్దున్నే, ఇంకా కాఫీ కూడా తాగకుండా, ఆవిడ పొరక పట్టుకుని బయటికొచ్చేవారు. వీధి అంచున మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ, మెట్టు దాకా ఊడ్చుకుంటూ వచ్చేవారు. అలా ఊడిస్తే తన అడుగు కూడా వాకిట్లో మిగలదు. ఎర్రమట్టి మీద దువ్వెన గీతల్లాంటి గీతలు మాత్రం మిగులుతాయి. అప్పుడు మెట్టు మీద కూర్చుని కాఫీ తాగేవారు.

అట్లాంటా పక్కన, డెకాటర్ అంచున ఉండే ఆ హార్ట్‌వెల్ వీధిలో ప్రతి ఇంటి ముందూ పచ్చగడ్డే. ఈవిడ ఇంటి ముందే బోడి నేల. చుట్టూ అంచుకి నీలం సీసాలు తలకిందులుగా పాతి ఉండేవి. మెట్టు పక్కన ఒక గులాబీ మొక్క. అంతే. "గడ్డి పెంచేది ఆవుల కోసమైనా అయ్యుండాలి, పాముల కోసమైనా అయ్యుండాలి. నాకు రెండూ లేవు" అనేవారావిడ. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు మనవాళ్ళు. ఆవిడ పుట్టిన, జార్జియాలోని స్పార్టా వైపు పల్లెల్లో ఇంటి లోపలికి వెళ్ళే పని కూడా పెట్టుకోరు, వాకిలి చూసి చెప్పేస్తారు.

ఆవిడ పూర్తి పేరు ఓజెల్లా టోలివర్. బడి బస్సు నడిపి, రెండు తరాల పిల్లల్ని క్షేమంగా ఇళ్ళకి చేర్చి రిటైరయ్యారు. బస్సెక్కే బుడతడి దగ్గర్నుంచి బడి పెద్ద దాకా అందరికీ ఆవిడ మిసెస్ టోలివరే. కట్టుకున్న భర్త కూడా నలుగురిలో "మిసెస్ టోలివర్" అనే పిలిచేవాడు, ఈవిడా "మిస్టర్ టోలివర్" అనే అనేవారు. మన ఆడవాళ్ళు వెనకటికి మొగుడి పేరు నోట పలకకపోవడం వేరు, ఇది వేరు. ఆ రోజుల్లో నల్లవాళ్ళ పేరు తెల్లవాళ్ళ చెవిన పడకూడదు. పడిందా, మర్నాటినుంచి వాళ్ళింట్లో పాలుతాగే పిల్లాడు కూడా ఆ పేరు పెట్టే పిలుస్తాడు. వాళ్ళ భాషలో నువ్వుకీ మీరుకీ ఒకటే మాట. మర్యాదంతా పేరుకి ముందు పెట్టే ఆ చిన్న మాటలోనే ఉంది. అది ఊడబీకేస్తే పెద్దావిణ్ణి పట్టుకుని "ఏమే" అన్నట్టే.

ఆవిడకి ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చూసి నేర్చుకున్నారు. వాళ్ళమ్మ హ్యాటీ కూడా వాకిలి ఊడ్చేది. వాళ్ళ జాతి మనుషులు ఎవరొచ్చినా ఊడ్చిన నేల అంచున ఆగి, "అమ్మా, ఇంట్లో ఉన్నారా?" అని కేకేసి, రమ్మన్నాకే అడుగుపెట్టేవాళ్ళు. చావు ఖర్చులకి కట్టే బీమా డబ్బులు వసూలు చేసుకోవడానికి ఒక తెల్ల కుర్రాడు శనివారం శనివారం వచ్చేవాడు. మూతి మీద మీసం కూడా సరిగ్గా మొలవలేదు. కారు దిగి, ఆ ఊడ్చిన నేల మీద బూట్లతో టకటకా నడిచి మెట్టు దాకా వచ్చేసేవాడు.

"హ్యాటీ! ఏయ్ హ్యాటీ! ఎక్కడ చచ్చావే?"

"వస్తున్నానండీ" అంటూ వెళ్ళేది వాళ్ళమ్మ, తడి చేతులు తుడుచుకుంటూ. ముఖంలో ఏమీ ఉండేది కాదు. డబ్బు చేతిలో పెట్టేది. వాడు వెనక్కి తిరగ్గానే పొరక అందుకుని, వాడి వెనకాలే నడుస్తూ, వాడి బూటు గుర్తులు ఒక్కొక్కటే చెరిపేసేది, కారు దాకా. ఒకసారి వాడు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏంటే హ్యాటీ, అంత తొందర?"

"దుమ్మండీ బాబూ. ఎక్కడ చూసినా దుమ్మే."

లోపల కిటికీ దగ్గర నిలబడ్డ చిన్న ఓజెల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఆవిడకి ముసలితనం దాకా గుర్తుంది. ఎదురుగా నిలబడి ఒక్క మాట అనలేని తల్లి పొరకతో అన్న మాట అది.

ఇక పక్కింటి సాండీన్ సంగతి. హార్ట్‌వెల్ వీధిలో ముందు తెల్లవాళ్ళుండేవారు. నల్లవాళ్ళు ఒక్కో ఇల్లే కొనుక్కుంటూ వచ్చేసరికి వాళ్ళు మూటాముల్లే సర్దుకుని పోయారు. టోలివర్ దంపతులు వచ్చింది అప్పుడే. మళ్ళీ ఇన్నేళ్ళకి గాలి మారి, పోయినవాళ్ళ మనవల వయసు వాళ్ళు ఇళ్ళు కొనుక్కుని తిరిగి రావడం మొదలెట్టారు. అలా పక్కింట్లోకి వచ్చాడు ఎరిక్ సాండీన్, ఎక్కడో మంచు కురిసే మిన్నెసోటా నుంచి. నలభై ఏళ్ళవాడు, ఆరడుగుల పొడుగు, ముఖం నిండా నవ్వు. వచ్చిన మొదటి వారమే ఒక కవరు పట్టుకుని, ఊడ్చిన వాకిట్లోంచి తిన్నగా నడిచి వచ్చేశాడు.

"హాయ్! నువ్వే కదా ఓజెల్లా? నీ ఉత్తరం మా డబ్బాలో పడింది. నేను ఎరిక్."

"నేను మిసెస్ టోలివర్‌ని. మీరు మిస్టర్...?"

"ఎరిక్ అను, చాలు. మిస్టర్ అంటే మా నాన్నని పిలిచినట్టుంటుంది."

"మీ నాన్నగారి ఇంటిపేరేంటి బాబూ?"

"సాండీన్."

"చాలా సంతోషం, మిస్టర్ సాండీన్."

అతను పగలబడి నవ్వాడు. ముసలావిడ భలే సరదా మనిషి అనుకున్నాడు. అతని ఊళ్ళో పేరు పెట్టి పిలవడమంటే దగ్గరితనం. ఈవిడ ఊళ్ళో అది మెడ మీద చెయ్యి వెయ్యడం. ఇద్దరి మధ్యా కంచె లేదు గానీ ఇది ఉంది.

మనిషి మంచివాడే. వచ్చిన చిక్కే అది. చెడ్డవాడైతే తలుపు వేసుకుంటే సరిపోయేది. చెత్త బండి వచ్చి వెళ్ళాక వీధిలో ఉన్న ఈవిడ డబ్బాని కూడా అతనే గడగడా లాక్కొచ్చి మెట్టు పక్కన పెట్టేవాడు. ఊడ్చిన నేల మీద రెండు చక్రాల చాళ్ళు, మధ్యలో పడవల్లాంటి బూటు గుర్తులు. "ఎందుకు బాబూ మీకు శ్రమ" అని ఈవిడ అన్నా, "నీ కోసం ఆ మాత్రం చెయ్యనా ఓజెల్లా?" అనేవాడు. అతను లోపలికి వెళ్ళేదాకా ఆగి, పొరక తీసుకుని చెరిపేసేవారు. అతను చూస్తుండగా మాత్రం ఎప్పుడూ చెరపలేదు. అతను ఆ బీమా కుర్రాడు కాడని ఆవిడకి తెలుసు.

అతని బాధ కూడా నిజమే, కాదనకూడదు. ఈవిడ స్థలం కాస్త ఎత్తు. వాన పడితే ఎర్రమట్టి కరిగి, అతను కొత్తగా వేయించుకున్న తెల్లటి సిమెంటు దారి మీదికి పారేది. జార్జియా మట్టి అంటుకుంటే తలకిందులుగా తపస్సు చేసినా పోదు. అతను నవ్వుతూనే చెప్పాడు. ఈవిడ ఒప్పుకున్నారు.

"మా మట్టి మీ ఇంట్లోకి రావడం తప్పే మిస్టర్ సాండీన్. అంచు వెంట కాలవ తీసి ఇటుకలు పేరిస్తే నీళ్ళు తిన్నగా వీధిలోకి పోతాయి. మీరు సరేనంటే మీ వైపు జానెడు నేల కలుపుకుని రేపే మొదలుపెడతాను."

"నీ వయసులో పార పట్టడమేంటి! గడ్డి వేసెయ్ ఓజెల్లా, పీడా విరగడైపోతుంది."

"పార పట్టడం నాకలవాటే. కాలవ అయితే..."

"గడ్డి, ఓజెల్లా. గడ్డి! ఎవరైనా చేసేది అదేగా."

ఆవిడ మళ్ళీ అడిగారు. అతను మళ్ళీ గడ్డే అన్నాడు. వాళ్ళిద్దరిలో ఎవరు పట్టిన కుందేటికి మూడు కాళ్ళో చెప్పడం కష్టం. కానీ నేల మాత్రం ఆవిడది.

ఆ పొరక సంగతి కూడా చెప్పాలి. అది కొట్లో దొరికేది కాదు. స్పార్టా దగ్గర ఉండే తమ్ముడు ఏమోస్ ఏటా చలికి ఆకు రాలాక డాగ్‌వుడ్ అనే చెట్టు సన్నకొమ్మలు కోసి, పచ్చి ఆరకముందే బిగించి కట్టి, చిలగడదుంపల బస్తాతో పాటు ట్రక్కులో వేసుకొచ్చేవాడు. భర్త పోయాక ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచే మనిషి భూమ్మీద అతనొక్కడే.

"ఓజెల్లా అక్కా, ఈసారి పొడుగ్గా కట్టా. నువ్వు వంగక్కర్లేదు."

"నా నడుం సంగతి నీకెందుకురా? నీ మోకాళ్ళు చూసుకో ముందు."

అదే ఆఖరి పొరక. వసంతంలో ఏమోస్ గుండె ఆగిపోయింది. కబురు రాగానే ఆవిడ బయల్దేరారు. ఎదురింటి మోనెట్ పెర్రీమన్‌కి ఇంటి తాళం ఇచ్చి, "పదిరోజులు పడుతుందమ్మా. ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్న చుట్టాలంతా రావాలి, అప్పుడే సమాధి" అని చెప్పారు. మోనెట్ వాళ్ళ జాతి పిల్లే. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, ఒంటరిగా ఉంటుంది, ఇల్లు స్వయంగా కొనుక్కుంది.

స్పార్టాలో ఏడవడానికి తీరికెక్కడిది? వచ్చినవాళ్ళకి పడకలు, వండినవి సర్దడం, పాస్టరుగారితో మాట్లాడటం. పెద్దక్క కదా. సమాధి దగ్గర కూడా ఏడ్చేవాళ్ళని పట్టుకోవడమే సరిపోయింది. ఆదివారం చర్చి అయ్యాక, నల్ల బట్టలతోనే, నల్ల టోపీ కూడా తియ్యకుండా కారు నడుపుకుంటూ వచ్చేశారు. ఇంటికెళ్ళి, మెట్టు మీద కూర్చుని, తమ్ముడు కట్టిన పొరక ఒళ్ళో పెట్టుకుని అప్పుడు ఏడవాలి అనుకుంటూ వచ్చారు.

కారు ఆగగానే చప్పట్లు.

వీధి వీధంతా అక్కడే ఉంది. ఒక బల్ల మీద నిమ్మరసం, కప్పులు. సాండీన్ చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు. "వచ్చేసింది, వచ్చేసింది! ఓజెల్లా, కళ్ళు మూసుకో! మూసుకోవాలి!" అంటూ ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. "ఇప్పుడు తెరువు!"

వాకిలి లేదు. దాని బదులు మెట్టు దగ్గర్నుంచి వీధి దాకా పచ్చగడ్డి, చాపలు చాపలుగా తెచ్చి అతుకుపెట్టి పరిచిన గడ్డి. నీలం సీసాలు పెరికి ఒక అట్టపెట్టెలో సర్ది మెట్టు మీద పెట్టారు.

"మీ తమ్ముడు పోయాడని తెలిసి అందరికీ బాధనిపించింది. నీకేదైనా చెయ్యాలనిపించింది. నిన్నంతా కూర్చోకుండా పనిచేశాం. ఇక నీకు ఆ ఊడ్చే బాధ లేదు ఓజెల్లా! నడువు, నడువు. అంతా నీదే!"

అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్ళు అడక్కుండానే పెట్టేశారు. అందరి కళ్ళూ ఆవిడ నోటి మీదే. మోనెట్ మాత్రం చేతిలో కప్పు వంక చూసుకుంటోంది.

"మీ అందరికీ థాంక్స్" అన్నారు మిసెస్ టోలివర్. "ఎంతో కష్టపడ్డారు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

ఆ మాట ఆవిడ అనలేదు, దానంతటదే వచ్చింది. వాళ్ళమ్మ బట్టలుతికే ఇంటి దొరసాని చిరిగిన కోటు ఇస్తే, మెడ దగ్గర చెమట మరకతో సహా, "థాంక్స్ అమ్మగారూ, దేవుడు చల్లగా చూడాలి" అని అమ్మ రెండు చేతులా అందుకునేది. పక్కనున్న పిల్లచేత కూడా అనిపించేది. ఇన్నేళ్ళు సంపాదించుకుని, సొంత ఇల్లు కొనుక్కుని, అట్లాంటాలో ముసలిదయ్యాక కూడా ఆ మాట నాలుక కింద అలాగే కాచుకుని కూర్చుందని ఆవిడకి ఆ రోజు తెలిసింది. వాళ్ళమ్మ మీద కోపం రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఫోటోలు తీస్తుంటే నవ్వారు కూడా.

తర్వాత మింగలేక కక్కలేక గడిపారు. పొద్దున్నే లేవగానే చెయ్యి అలవాటుగా తలుపు మూలకి వెళ్ళేది, పొరక ఉండేది కాదు. ఎవరో షెడ్డులో పెట్టి ఉంటారనుకుని వెతికారు. లేదు. నీళ్ళు చల్లే గొట్టం తిప్పడానికి వచ్చిన సాండీన్‌ని అడిగారు.

"పొరకా? ఆ ఎండు పుల్లల కట్టా? అయ్యో, చెత్తనుకున్నాం ఓజెల్లా! కొమ్మలు పొడి చేసే మిషన్లో వేసేశాం. కానీ వృథా చెయ్యలేదులే, ఆ పొట్టు నీ గులాబీ మొదట్లోనే పోశాం, చూడు. నీకు మంచి ప్లాస్టిక్ చీపురు కొనిపెడతాగా. జన్మంతా అరగదు."

"అక్కర్లేదు మిస్టర్ సాండీన్."

లోపలికి వెళ్ళి, వంటింట్లో కుర్చీలో కూర్చుని, స్పార్టాలో ఏడవని ఏడుపంతా ఏడ్చారు. ఎన్నిసార్లు తుడుచుకున్నా ఆగలేదు.

ఆ సాయంత్రం మోనెట్ వచ్చింది. నీలం సీసాల పెట్టె పక్కన మెట్టు మీద కూర్చుంది, పిలవకుండానే.

"మిసెస్ టోలివర్, నేను వాళ్ళకి చెప్పాల్సింది. మీకు నచ్చదని నాకు తెలుసు."

"తెలిసి కూడా ఊరుకున్నావా?"

"ఊరుకోలేదండీ. ఒక చెయ్యి వేశాను కూడా. మా అమ్మమ్మ కూడా ఇలాగే ఊడ్చేది. బడికెళ్ళే ముందు నాచేత ఊడిపించేది. మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ముతో వెళ్తే పిల్లలు 'మట్టి వాకిలిదానా' అని ఏడిపించేవాళ్ళు. అదంతా వదిలించుకుని, అప్పు తీర్చుకుంటూ ఇల్లు కొనుక్కుంటే, కిటికీ తియ్యగానే ఎదురుగా మళ్ళీ అదే. ఈ కొత్తవాళ్ళేమో మీ వాకిలి వంక చూసి, నా వంక చూసి, 'పాపం, చేతకాదేమో, మనమేమైనా చేద్దామా' అంటారు."

"అతనన్నాడా ఆ మాట?"

"చెడ్డగా కాదండీ. జాలిగా."

"జాలా!" అన్నారు మిసెస్ టోలివర్. "చెడ్డగా అంటే తిరిగి అనొచ్చు. జాలికి ఏం సమాధానం చెప్తామే తల్లీ?"

గొట్టం ఆ గడ్డి మీద చిటచిటలాడుతూ తిరుగుతోంది.

"తీసెయ్యాలనుకుంటున్నారా?" అంది మోనెట్. "వద్దండీ, నా మాట వినండి. మంచికి పోతే వీళ్ళింతే అంటారు. మిమ్మల్ని ఒక్కర్నే అంటే పోనీలే అనుకోవచ్చు. 'వీళ్ళు' అంటారు. అందులో నేనూ ఉంటాను."

"ఉంచేస్తే?"

"ఉంచేస్తే ఎవరూ ఏమీ అనరు."

"అవును, అనరు. ఈవిణ్ణి అడగక్కర్లేదని ఊరికి తెలిసిపోతుంది. ఇవాళ వాకిలి. రేపు ఇంకోటి. అప్పుడు కూడా థాంక్స్ చెప్తాను, నాకొచ్చిందదే కదా."

శనివారం పొద్దున, అందరూ లేచి తిరుగుతున్న వేళకే, దొంగతనంగా కాకుండా, ఆవిడ ఏప్రన్ కట్టుకుని పార తీసుకుని బయటికొచ్చారు. గడ్డికి ఇంకా వేళ్ళు దిగలేదు. అతుకు దగ్గర పార పెడితే చాపలా లేచి వచ్చేసింది. ఒక్కొక్క చాపా చుట్టడం, తోపుడు బండిలో వెయ్యడం, హద్దు దగ్గర వరసగా పేర్చడం. ఎండకి వాడిపోకుండా వాటిమీద తడి గోనెలు కప్పారు. మాటిమాటికీ నడుం పట్టేసేది, పార మీద ఆనుకుని ఊపిరి తీసుకుని మళ్ళీ వంగేవారు. వీధిలో వాళ్ళు కుక్కల్ని తిప్పుకుంటూ వచ్చి, చూసి, అవతలి వైపుకి దాటి వెళ్ళిపోయారు. మోనెట్ కిటికీ తెర కదిలింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు.

సాండీన్ పడుకున్న బట్టలతోనే వచ్చాడు.

"ఓజెల్లా! ఏం చేస్తున్నావ్? ఏం చేస్తున్నావసలు?"

"మీ గడ్డి మీకిచ్చేస్తున్నాను మిస్టర్ సాండీన్. తడిగానే ఉంది, ఇవాళే వేసుకుంటే బతుకుతుంది. మీ వెనక పెరట్లో ఖాళీ ఉంది కదా."

"కానీ నీకు నచ్చిందిగా! నువ్వే థాంక్స్ చెప్పావ్, అందరి ముందూ!"

ఆ మాట ఎప్పుడో వస్తుందని ఆవిడకి తెలుసు. అయినా తగలాల్సిన చోటే తగిలింది.

"చెప్పాను. మీరంతా ఎండలో పడ్డ కష్టానికి చెప్పాను. పోయిన మా తమ్ముణ్ణి తలుచుకున్నందుకు చెప్పాను. వాకిలి మీకు రాసిచ్చానని చెప్పలేదు."

"వద్దనుకుంటే అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు. చెప్పకపోవడం నా తప్పే. మరి మీరు ముందే అడగొచ్చుగా?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "సాయం చేద్దామనుకున్నాం. అంతే. నువ్వు దీన్ని కూడా నల్లా తెల్లా గొడవ చేసేస్తున్నావ్, ఓజెల్లా."

"నేనా మాట ఎత్తలేదు బాబూ. ఎత్తింది మీరు." ఆవిడ పార నేలకి ఆనించి నిటారుగా నిలబడ్డారు. గొంతు పెంచలేదు. "నా పేరు మిసెస్ టోలివర్. మొదటి రోజే చెప్పాను, మీరు నవ్వారు. మీరు పిలిచే ఆ పేరు పెట్టి పిలిచే మనిషిని మొన్నే మట్టిలో పెట్టి వచ్చాను. అతను కట్టిన పొరకనే మీరు పొట్టు చేసి నా గులాబీ మొదట్లో పోశారు. తెలియక చేశారు, నాకు తెలుసు. అడిగుంటే తెలిసేది."

సాండీన్ గోనెల వంక చూశాడు, గులాబీ మొక్క వంక చూశాడు. ఏదో అనబోయాడు. క్షమించమని అనబోయాడో, ఇంకో నాలుగు మాటలనబోయాడో ఎవరికీ తెలీదు, బహుశా అతనికీ తెలీదు. అంతలో ఎవరో కుక్కని పట్టుకుని ఆగి చూస్తున్నారు. "సరే" అని లోపలికి వెళ్ళిపోయాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదౌతుందంటారు. ఆవిడ నోరు అంత మంచిగా మాట్లాడినా ఊరు మంచిగా లేదు. "అంత చేస్తే కృతజ్ఞత లేదు" అన్నారు. "ముసలితనం, మతి చలించిందేమో" అన్నారు జాలిపడేవాళ్ళు. "వీళ్ళింతే" అని కూడా ఎవరో అన్నారు. ఆ మాట తన చెవినే పడిందని మోనెట్ వచ్చి చెప్పింది, "శనివారం బయటికి రాలేకపోయానండీ" అంటూ.

"తెర కదిలింది, చూశాను. నాకు నువ్వున్నావని తెలిసింది, చాలు" అన్నారు మిసెస్ టోలివర్. చాలలేదని ఇద్దరికీ తెలుసు.

ఆవిడ తన నేలలోనే, హద్దుకి ఇవతలే కాలవ తవ్వారు. సాండీన్ జానెడు నేల అక్కర్లేకుండా కాస్త ఇరుగ్గా తవ్వి, పాత ఇటుకలు పేర్చారు. సీసాలు మళ్ళీ పాతారు. ఇంటి వెనక డాగ్‌వుడ్ కొమ్మలు కోసి, ఆకు దూసి, పొరక కట్టడానికి కూర్చున్నారు. ఏటా తమ్ముడే కట్టి తెచ్చేవాడు కాబట్టి చేతికి ఆ బిగింపు రాలేదు. కట్టింది వదులుగా ఉంది, ఊడిస్తే పుల్లలు రాలుతున్నాయి. రాలిన పుల్లలు ఏరుకుని, మళ్ళీ దోపుకుని ఊడ్చారు. గులాబీ మొదట్లో పొట్టుని మాత్రం కదపలేదు.

పెద్ద వాన పడింది. ఎర్రనీళ్ళు కాలవలో దిగి, ఇటుకల వెంట జరజరా వీధిలోకి పోయాయి. తెల్లారేసరికి పక్కింటి సిమెంటు దారి తెల్లగా ఉంది. ఆ రోజు చెత్త బండి వచ్చే రోజు. సాండీన్ తన డబ్బా కోసం బయటికొచ్చి, ఆ దారి వంక చూసి, కాలవ వంక చూశాడు. హద్దు దాకా వచ్చి, ఊడ్చిన నేల అంచున ఆగాడు. తడిమట్టి బూట్లకి అంటుతుందని ఆగాడేమో. ఏదైతేనేం, ఆగాడు.

"మిసెస్ టోలివర్."

ఆవిడ మెట్టు మీద కాఫీ కప్పుతో ఉన్నారు. లేచి నిలబడ్డారు.

"చెప్పండి మిస్టర్ సాండీన్."

"మీ కాలవ పనిచేస్తోంది."

"అవునండీ. మీ దారి పాడవదు ఇక."

"థాంక్యూ" అన్నాడు. ముఖంలో నవ్వు లేదు. ఎరిక్ అను చాలు అని అనలేదు. బ్యాంకులో కిటికీ అవతలి మనిషి పిలిచినట్టు పిలిచి, తల ఊపి, తన డబ్బా ఒక్కటే లాక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఎదురింటి గుమ్మంలో నిలబడి మోనెట్ అంతా విన్నది. వీధి దాటి వచ్చి, సీసాల అంచున ఆగి నిలబడింది.

"అన్నాడుగా చివరికి!"

"అన్నాడు."

"సంతోషమేనా మరి?"

"చల్లారిన రొట్టె పెట్టాడమ్మా" అన్నారు మిసెస్ టోలివర్. "మా అమ్మకి అదీ ఎవరూ పెట్టలేదు. తింటాను."

మోనెట్ పనికి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది.

వీధి పక్కన ఒక్క డబ్బా మిగిలింది. ఆవిడ వెళ్ళి దాన్ని స్వయంగా లాక్కొచ్చి మెట్టు పక్కన పెట్టారు. తడినేల మీద చక్రాల చాళ్ళు రెండు పడ్డాయి, మధ్యలో ఆవిడ అడుగులు. వదులు పొరక తీసుకుని వీధి అంచుకి వెళ్ళి, వెనక్కి వెనక్కి నడుస్తూ, చాళ్ళూ అడుగులూ చెరుపుకుంటూ మెట్టు దాకా వచ్చారు. తర్వాత కూర్చుని, చల్లారిపోయిన కాఫీ తాగారు. వాకిలి వాళ్ళమ్మ ఊడ్చినంత శుభ్రంగా ఉంది. ఆ రోజంతా అందులో ఇంకెవరి అడుగూ పడలేదు.